వెడల్పు వేరు, పట్టు వేరు: బండికి టైరు మార్చే ముందు

(రావులపాలెంలో బైకు నడిపేవాళ్ళూ రిపేరు షాపులవాళ్ళూ కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. ఈ టైరు మీద సన్న అక్షరాలు చూపించాలి, అంత దూరం నుంచి కనబడవు.

బయట వరసగా బండ్లు పెట్టారు కదా. కంపెనీ ఇచ్చిన సైజు కంటే లావు టైరు వెనక ఎక్కించినవి చాలానే ఉన్నాయి. ఎందుకెక్కించారండీ? "గ్రిప్పు కోసం." ఇదే కదా మీ సమాధానం? సరే. ముందు ఈ ఒక్క మాట తేల్చుకుందాం. టైరు కొనడంలో జరిగే తప్పులు చాలావరకు ఇక్కణ్ణించే మొదలవుతాయి.

మీ అరచెయ్యి ఇలా చాపి చూసుకోండి. బండి, మీరు, వెనక కూర్చున్న మనిషి, అంతా కలిపి 300 కేజీలు అనుకుందాం. అందులో వెనక చక్రం మీద 180 పడుతుందనుకుందాం. గాలి 32 పీఎస్ఐ. అంటే చదరపు సెంటీమీటరుకి రెండుంపావు కేజీలు. ఇప్పుడు 180ని 2.25తో భాగించండి. ఎంతొచ్చింది? 80. ఎనభై చదరపు సెంటీమీటర్లు. ఎనిమిది సెంటీమీటర్లు ఇటు, పది సెంటీమీటర్లు అటు. మీ అరచెయ్యంత. వెనక టైరు రోడ్డుని పట్టుకునేది ఆ అరచెయ్యంత మేరే.

ఇప్పుడు టైరు లావు చేశారు. బరువు మారిందా? లేదు. గాలి మారిందా? లేదు. మరి ఆ 80 ఎందుకు మారుతుంది? దాదాపుగా మారదండి. ఆకారం మారుతుందంతే. సన్న టైరు ముద్ర నిలువుగా, పొడుగ్గా పడుతుంది. లావు టైరు ముద్ర అడ్డంగా, పొట్టిగా పడుతుంది. టైరు గోడ బిగువుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, మీరనుకున్నట్టు రెట్టింపేమీ అవదు. వానలో అయితే వెడల్పు ఇంకా నష్టం. అడ్డంగా ఉన్న ముద్ర ఎదురుగా రోడ్డు మీదున్న నీళ్ళని ఎక్కువ మేర పక్కకి నెట్టుకోవాలి. మన దగ్గర జూన్‌లో వాన మొదలైతే నవంబరు తుఫానుల దాకా రోడ్డు తడిగానే ఉంటుంది కదా.

మరి పెద్ద బండ్లకి లావు టైర్లెందుకిస్తారు అంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ ఇంజను లాగే లాగుడికి సన్న టైరు రబ్బరు వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. బండి బాగా వంగినప్పుడు అంచు మీద కూడా సరిపడా రబ్బరు ఆనాలి. అందుకు లావు టైరిస్తారు, దానికి తగ్గ వెడల్పు రిమ్ము కూడా ఇస్తారు. ఆ రిమ్ము సంగతే మనం మర్చిపోతాం.

100/90-17 టైరు, అంటే 100 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 90 శాతం గోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము, ఉన్న 150 సీసీ బండి తీసుకోండి. రిమ్ము వెడల్పు సుమారు 2.15 అంగుళాలు ఉంటుంది. 120/80-17 టైరుకి రెండున్నర నుంచి మూడంగుళాల రిమ్ము కావాలి. దాన్ని తెచ్చి 2.15 రిమ్ములో కూర్చోబెడితే ఏమవుతుంది? కిందవైపు రెండు అంచులూ దగ్గరకి నొక్కుకుపోతాయి, పైన ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే భాగం, మధ్యలో గుడ్డులా ఉబ్బుతుంది. నిటారుగా వెళ్ళేటప్పుడు నడిమి గీత ఒక్కటే ఆనుతుంది, మలుపులో వంచితే అంచు సరిగా ఆనదు. అంటే గ్రిప్పు కోసం డబ్బు పెట్టి ఉన్న గ్రిప్పు పోగొట్టుకున్నట్టు.

ఎత్తు కూడా లెక్కేయండి. 100కి 90 శాతం అంటే గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు. 17 అంగుళాల రిమ్ము 432 మిల్లీమీటర్లు. రెండు గోడలు కలిపితే 612. అదే 120కి 80 శాతం అంటే గోడ 96, మొత్తం 624. చక్రం 12 మిల్లీమీటర్లు పెద్దదైంది. గేరింగు 2 శాతం బరువెక్కింది, అంటే లాగుడు ఆ మేరకి తగ్గింది. వెనక భాగం 6 మిల్లీమీటర్లు లేచింది. పక్కకి చెరో పది మిల్లీమీటర్లు పెరిగి చైనుకీ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్ముకీ దగ్గరైంది. చైను గార్డు లోపలివైపు నల్లగా రాపిడి గీత పడిన బండ్లు షాపులవాళ్ళు రోజూ చూస్తారు, అవునా అన్నయ్యగారూ? రెండు చక్రాలకీ ఏబీఎస్, అంటే బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండి అయితే అది ముందు చక్రం వేగాన్నీ వెనక చక్రం వేగాన్నీ పోల్చుకుంటూ పనిచేస్తుంది. ఒక చక్రం సైజు మార్చేస్తే దాని లెక్క తప్పుతుంది. కాబట్టి మొదటి మాట: కంపెనీ సైజే కొనండి. బండి మాన్యువల్లో రెండో సైజు కూడా రాసి ఉంటే అది పెట్టుకోవచ్చు. అంతకు మించి వద్దు.

పట్టు వెడల్పులో లేదన్నాం. మరి ఎక్కడుంది? రబ్బరులో ఉంది, గాలిలో ఉంది, టైరు వయసులో ఉంది. మిగతా మాటలు చాలావరకు ఈ మూడింటి గురించే.

ఇదిగో, ఈ టైరు పక్కన చూడండి. చేతులు మార్చుకుంటూ అందరూ చూడండి. 100/90-17, తర్వాత 55P. ఆ 55 ఏమిటి? అది బరువు అంకె, ఆ టైరు మోయగలిగేది 218 కేజీలని అర్థం. 47 ఉంటే 175 కేజీలు, 52 ఉంటే 200, 57 ఉంటే 230. ఆ అక్షరం వేగం. J అంటే గంటకి 100 కిలోమీటర్లు, L అంటే 120, P అంటే 150, S అంటే 180, H అంటే 210. "మనం 150లో వెళ్ళం కదండీ, తక్కువ అక్షరం తీసుకుంటే చవక" అనకండి. వేగం అక్షరం అంటే టైరు ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పేది కూడా. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారు మీద ఇద్దరు మనుషులు, ముందు ఒక బస్తా, వెనక కొబ్బరికాయల గోనె వేసుకుని పోయే బండికి ఆ తట్టుకునే శక్తే కావాలి. బరువు అంకె గానీ, వేగం అక్షరం గానీ కంపెనీ ఇచ్చినదానికంటే ఎప్పుడూ తగ్గకూడదు. పెరిగితే ఫర్వాలేదు.

ఇంకో పక్కకి తిప్పండి. చిన్న గడిలో నాలుగంకెలు ఉన్నాయి, కనబడ్డాయా? ఇక్కడ 1823 అని ఉంది. అంటే 2023లో 18వ వారం తయారైంది. కొనేటప్పుడు టార్చి వేసి చూడాల్సింది ఇదే. కొన్ని టైర్లకి ఒక పక్కనే వేస్తారు, లోపలివైపుకి పోతే కనబడదు, కాబట్టి బిగించకముందే చూడాలి. నీడలో పెట్టిన టైరు ఏడాది పాతదైనా తీసుకోవచ్చు. రెండేళ్ళు దాటితే వేరేది చూపించమనండి. షాపు బయట ఎండలో దండలా వేలాడదీసిన టైరు మాత్రం తీసుకోకండి, తేదీ కొత్తదైనా సరే. ఎండకి రబ్బరులోని నూనె పోతుంది, గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు గాడి ఎంత లోతుగా ఉన్నా తడి రోడ్డు మీద జారుతుంది. మీ బండి టైరుకి అయిదేళ్ళు దాటితే ప్రతి ఏడాదీ గాడి అడుగున చూడండి. వెంట్రుకవాసి పగుళ్ళు కనబడితే మార్చేయండి. ఎక్కువ తిరగని బండికి టైరు అరగదు, ముసలిదవుతుంది. ఇది చాలామంది నమ్మరు.

అరుగుదల సంగతి. గాడి లోపల అడ్డంగా చిన్న కట్టలుంటాయి, పక్కన టీడబ్ల్యూఐ అని గానీ త్రికోణం గుర్తు గానీ ఉంటుంది. ఆ కట్ట ఎత్తు 0.8 మిల్లీమీటర్లు. ట్రెడ్ ఆ కట్టకి సమం అయిందంటే టైరు పని అయిపోయింది. కానీ మన వానలకి అంతదాకా ఆగొద్దు. రెండు మిల్లీమీటర్ల దగ్గరే మార్చండి. తారు రోడ్డు మీద గాడి చేసే పని నీళ్ళు పక్కకి పంపడం ఒక్కటే. గాడి లేకపోతే నీళ్ళెక్కడికి పోతాయి? టైరు కిందే ఉంటాయి.

ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్త. గుండైపోయిన టైరుకి వేడి కత్తితో గాళ్ళు కోసి, నల్లరంగు పూసి సెకండ్‌హ్యాండులో అమ్ముతారు. గాడి అంచు చెయ్యి పెట్టి చూడండి. కంపెనీ గాడి అంచు నున్నగా ఉంటుంది, అడుగున కట్టలుంటాయి. కోసిన గాడి పదునుగా, వంకరగా ఉంటుంది, కట్టలుండవు. అలాంటి టైరులో గాడి అడుక్కీ లోపలి నైలాను పొరకీ మధ్య రబ్బరే ఉండదు. దయచేసి కొనకండి, ఎవరైనా కొంటుంటే ఆపండి.

ఇప్పుడు మన రోడ్ల దగ్గరకి వద్దాం. టైరు కొనేముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగాలి. ఏడాదిలో మీరు నడిచే రోడ్లలో అన్నిటికంటే చెడ్డది ఏది? మంచి రోడ్డు మీద ఏ టైరైనా నడుస్తుంది. చెడ్డ రోడ్డుని చూసి కొనాలి.

మన గోదావరి డెల్టాలో రోడ్డు కాలువని పట్టుకుని పోతుంది. మైళ్ళ కొద్దీ తిన్నగా. మలుపంటే వంతెన దగ్గర ఒక్కసారి అడ్డంగా తిరగడమే. అందుకని మన టైర్లు నడిమిన అరుగుతాయి, అంచులు కొత్తగానే ఉంటాయి. వెనక నుంచి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన టైరు పీటలా చదునుగా కనబడుతుంది. చూశారా ఎప్పుడైనా? దానితో తిన్నగా పోతే ఏమీ తెలియదు. అదే బండి వేసుకుని ఆదివారం మారేడుమిల్లి ఘాటుకి పోతే తెలుస్తుంది. వంచుతుంటే కాసేపు వంగనంటుంది, ఆ చదును అంచు దాటగానే ఒక్కసారి పడిపోతున్నట్టు ఒరుగుతుంది. రంపచోడవరం దాటి మలుపులు మొదలైన చోట అది తెలుసుకుంటే ఆలస్యం. ఘాట్లో ఉత్సాహంగా నడపాలనుకునేవాళ్ళు గాడి లోతు ఒక్కటే చూడకండి, టైరు ఆకారం చూడండి. నడుము చదునైతే గాడి ఉన్నా మార్చాల్సిందే.

ఊడ్పుల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టరు చేలోంచి రోడ్డెక్కి వెళ్ళిందంటే వెనకాల ఒండ్రుమట్టి పెళ్ళలు. దాని మీద వాన. ఆ బంకమట్టి గాళ్ళలో నిండిపోయి టైరు మొత్తం నున్నగా అయిపోతుంది. రోడ్డు టైరు ఏదైనా సరే, ఎంత ఖరీదైనదైనా సరే, అక్కడ పట్టదు. అది టైరు తప్పు కాదు. మాసూళ్ళప్పుడు రోడ్డంతా కళ్ళమే కదా, ధాన్యం ఆరబోస్తారు. గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. దానికీ టైరు లేదు, వేగం తగ్గించడమే. భీమవరం వైపు చేపల లారీల నుంచి ఐసు నీళ్ళు కారిన రోడ్డు, వంతెన మీద ఇనుప జాయింట్లు, రైలు గేటు పట్టాలు, ఇవన్నీ అంతే. పట్టాల్ని వీలైనంత అడ్డంగా దాటండి, వాటి మీద ఉండగా బ్రేకు పట్టకండి. టైరు చేయగలిగేది టైరుకి వదలండి, చేయలేనిది దాని నెత్తిన పెట్టకండి.

రోజూ పుంత రోడ్డులోనో, అంటే పొలాల మధ్య మట్టిదారిలోనో, ఏటిగట్టు మీదో పొలానికి వెళ్ళేవాళ్ళకి లోతు గాళ్ళున్న టైరు, బటన్ల మధ్య, అంటే ఎత్తుగా నిలిచిన రబ్బరు దిమ్మల మధ్య ఖాళీ ఉన్నది, వెనక చక్రానికి పనికొస్తుంది. మట్టిని విదిలించుకుంటుంది. కానీ అదే టైరు తడి తారు మీద, సిమెంటు రోడ్డు మీద తక్కువ ఆనుతుంది, బటన్ల మధ్య ఖాళీ కదా. కాబట్టి రోజులో ఎక్కువ సేపు ఎక్కడ ఉంటారో చూసుకోండి. కిలోమీటరు పుంతా ముప్పై కిలోమీటర్ల తారూ నడిచేవాడికి రోడ్డు టైరే మేలు.

రబ్బరు మెత్తనా గట్టినా అన్నది తర్వాతి మాట. గట్టి రబ్బరు ఎక్కువ దూరం నడుస్తుంది. మెత్తది పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ, కొన్నిసార్లు గట్టిది నడిచినదాంట్లో సగమే నడుస్తుంది. ఇప్పుడు సిలికా కలిపిన రబ్బరు వస్తోంది, తడి రోడ్డు మీద బాగా పడుతుంది. కొన్నిటికి నడుమ గట్టి రబ్బరు, అంచులకి మెత్తది పెడతారు. తిన్నగా పోయే రోజులు ఎక్కువ, ఘాట్ ప్రయాణం అప్పుడప్పుడు అనే మనలాంటివాళ్ళకి అది చక్కటి ఏర్పాటు. నాకైతే ముందు చక్రానికి మెత్తది, వెనక దానికి మధ్యరకం అన్నది మంచి బేరం అనిపిస్తుంది. ముందు చక్రమే బ్రేకు భారం ఎక్కువ మోస్తుంది, పైగా వెనకదానికంటే నెమ్మదిగా అరుగుతుంది. కాబట్టి మెత్తది పెట్టినా ఖర్చు తెలియదు.

రేడియల్ గురించి అడుగుతారు. సైజు మధ్యలో R ఉంటే రేడియల్, అంటే లోపలి పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా పరిచిన టైరు; గీత ఉంటే పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాతరకం అడ్డపొరల టైరు. రేడియల్ వేడి తక్కువ పుట్టిస్తుంది, వేగంలో నిలకడగా ఉంటుంది. కానీ గోడ పల్చన. గాలి తక్కువ పెట్టి గుంతలో దించితే గోడ త్వరగా తెగుతుంది. వెనక రేడియల్, ముందు అడ్డపొరల టైరు అన్నది కంపెనీలే చాలా బండ్లకి ఇస్తున్నాయి. దీన్ని తిరగేసి ముందు రేడియల్, వెనక అడ్డపొరలు పెట్టకండి, బండి నిలకడ పోతుంది. వంద సీసీ బండికి అడ్డపొరల టైరు బ్రహ్మాండంగా సరిపోతుంది, రేడియల్ కోసం వెతకాల్సిన పని లేదు.

పంక్చరు సంగతి తెలియందెవరికి? కాలువ గట్లన్నీ సర్కారు తుమ్మే. ఆ ముల్లు టైరులో విరిగి లోపలే ఉండిపోతుంది. ట్యూబ్ టైరులో అయితే వెంటనే గాలి పోతుంది. ట్యూబ్‌లెస్‌లో నెమ్మదిగా పోతుంది, బండి ఊరు చేరుతుంది. అంత మాత్రాన ఊచల చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు వేసి ట్యూబ్ తీసేయలేం. ఊచల రంధ్రాల్లోంచి గాలి పోతుంది. మామూలు ఊచల చక్రానికి ట్యూబ్ ఉండాల్సిందే, కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబ్ కూడా మార్చండి. ట్యూబ్‌లెస్‌కి చిల్లు ట్రెడ్ మీద, ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటేనే అతుకు వేయాలి. గోడకి పడిన చిల్లుకి అతుకు లేదు, టైరు మార్చాల్సిందే.

రొయ్యల చెరువుల వైపువాళ్ళకి ఇంకో తిప్పలు. ఆ ఉప్పునీటి చెమ్మకి అల్లాయ్ రిమ్ము అంచు తెల్లగా పొక్కుతుంది. టైరు బాగుంటుంది, చిల్లు ఉండదు, అయినా వారానికి అయిదారు పీఎస్ఐ గాలి పోతుంది. కొత్త టైరు వేసినా పోతుంది! అందుకని టైరు విప్పినప్పుడు రిమ్ము అంచుని వైరు బ్రష్షుతో, సన్న గరుకు కాగితంతో శుభ్రం చేయించండి. రబ్బరు వాల్వు కూడా అప్పుడే మార్పించండి. చిన్న ఖర్చే, మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి, తప్పు లేదు. షాపులవాళ్ళు ఏమీ అనుకోకండి, ఇది మీ మంచికీ. డిస్కు ఉన్న వైపు నేలకి ఆనించి చక్రం పడుకోబెడితే డిస్కు వంగుతుంది, కింద చెక్క ముక్కలు పెట్టాలి. టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే దిక్కుకే ఉండాలి. కొన్ని టైర్లకి ముందు చక్రానికి వేస్తే ఒక బాణం, వెనక చక్రానికి వేస్తే ఇంకో బాణం ఉంటాయి, చదివి వేయాలి. చుక్క రంగు గుర్తు ఉంటే అది తేలిక వైపు, వాల్వు దగ్గర పెడితే బ్యాలెన్సుకి మంచిది. అంచు జారడానికి సబ్బు నీళ్ళు చాలు. గ్రీజు, ఇంజనాయిలు రాయకండి, రబ్బరు పాడవుతుంది, బ్రేకు పడితే టైరు రిమ్ములో జారుతుంది. గాలి కొట్టాక టైరు పక్కన రిమ్ముకి ఆనుకుని సన్న గీత కనబడుతుంది. అది చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి పోతే అంచు కూర్చోలేదన్నమాట. అలాగే నడిపితే చక్రం ఎగురుతుంది.

చక్రం ఎక్కించాక చైను బిగువు సర్దే చోట రెండు వైపులా గుర్తులు ఒకేలా ఉన్నాయా, చైను వదులు మాన్యువల్లో చెప్పినంత, సాధారణంగా 25, 30 మిల్లీమీటర్లు ఉందా చూడండి. డ్రమ్ము బ్రేకు బండికి టార్క్ రాడ్ నట్టు బిగించారా అని తప్పకుండా చూడండి. అది ఊడితే బ్రేకు ప్లేటు తిరిగిపోయి చక్రం పట్టేస్తుంది. డిస్కు బండి అయితే షాపులోంచి కదలకముందే బ్రేకు లివరు నాలుగైదుసార్లు నొక్కండి. ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పడదు. ఇది మర్చిపోయి ఎదురుగా గేటుకో లారీకో తగిలేవాళ్ళుంటారు.

గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడు, బండి కదలకముందు చూడాలి. అంకె మీ స్వింగార్ము మీదో చైను గార్డు మీదో స్టిక్కరు మీద ఉంటుంది. మధ్యాహ్నం నడిపి ఆపాక చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అయ్యో ఎక్కువైందని తీసేయకండి, మర్నాడు పొద్దున్న తక్కువైపోతుంది. నైట్రోజన్ గురించి అడగబోతున్నారు, తెలుసు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బు పెట్టి గాలి మార్చేకంటే ఒక గేజి కొనుక్కుని వారం వారం చూసుకోండి.

కొత్త టైరు మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా. పైన నున్నగా ఉంటుంది, కాస్త అరిగాకే పట్టు వస్తుంది. ఆ మొదటి రోజునే పాలిష్ కొట్టే కుర్రాళ్ళున్నారు. టైరు నల్లగా మెరవడానికి కొట్టేది ట్రెడ్ మీద పడితే సబ్బు రాసిన నేల మీద నడిచినట్టే. గోడలకి కొట్టుకోండి కావాలంటే, అదీ కొద్దిగా, గుడ్డతో.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి తమ్ముడూ. రెండూ అరిగాయి, ఒకదానికే డబ్బుంది, ఏది మార్చాలి అంటున్నారు. రెండూ గుండైపోయి ఉంటే బండి ఆపేసి రెండూ మార్చేదాకా బస్సెక్కండి. ఒకదానిలో కొంచెం గాడి మిగిలుంటే, ఆ మిగిలింది వెనకదైతే ముందుది మార్చండి. వెనక టైరు జారితే చాలాసార్లు బండిని నిలబెట్టుకోవచ్చు. ముందు టైరు జారితే ఆ వీలుండదు. వెనకది గుండై, ముందుది సగం ఉంటే వెనకది మార్చండి. వెనక తీసేసిన టైరు ముందుకి మాత్రం వేయకండి, దాని ఆకారం వేరు, బాణం వేరు.

నూటయాభై కిలోమీటర్లు నడిచాక బండి ఒకసారి షాపుకి తీసుకొచ్చి ఇరుసు నట్టూ చైనూ మళ్ళీ చూపించుకోండి. ఇక ప్రశ్నలుంటే ఈ టైరు దగ్గరకే వచ్చి అడగండి, చూపించి చెబుతాను.